ఆలోచించుకునే కత్తి

అనగనగా ఒక ఊళ్ళో, ఏటి గట్టు మీద, కొలిమి పెట్టుకుని బతికే ఒక తండ్రీ కూతురూ ఉండేవాళ్ళు. తండ్రి పేరు కాళాచారి. కూతురి పేరు కనకాంబ. ఊళ్ళో అందరూ కనకం అని పిలిచేవాళ్ళు. కొట్టేదేమో ఇనుము, పిల్లకి పెట్టుకున్న పేరేమో బంగారం. నవ్వుతావేం కన్నా, నీకు పేరు పెట్టినప్పుడు మీ తాత చేసిన గోల నీకు తెలియదు. దుప్పటి కప్పుకో, చెప్తాను.

కనకానికి తల్లి లేదు. తండ్రి ఇనుము కాలుస్తుంటే ఆ పిల్లే తిత్తి ఊదేది. తిత్తి అంటే పెద్ద తోలుసంచి. నొక్కితే బుస్సుమని గాలి వస్తుంది, బొగ్గులు ఎర్రబడతాయి. పొద్దున లేస్తే బుస్సు, ఠంగు. బుస్సు, ఠంగు. వాళ్ళింట్లో అదే పాట.

ఆ ఇంట్లో ఒక ఆచారం ఉండేది. ఏ పనిముట్టు చేసినా, ఎర్రగా కాల్చి నీళ్ళతొట్టిలో ముంచబోయే ముందు దానికి రెండు మాటలు చెప్పాలి. మొదటిది చేయాల్సిన పని. రెండోది చేయకూడని పని. పుట్టిన బిడ్డ చెవిలో పేరు చెప్తాం చూడు, అలాగన్నమాట.

కొడవలి చేస్తే కాళాచారి దాని మీదకి వంగి, "నువ్వు వరి కొయ్యి, వేలు కొయ్యకు" అనేవాడు. కత్తిపీట చేస్తే, "నువ్వు కూర తరుగు, పాకే పిల్లల జోలికి పోకు" అనేవాడు. అట్లకాడ చేస్తే, "నువ్వు అట్టు తిప్పు, చిరగనివ్వకు" అనేవాడు. అప్పుడు సుయ్‌మని ముంచేవాడు. ఆవిరి లేచేది, ఆ మాట ఇనుములోకి ఇంకిపోయేది. ఇంక అది అరిగిపోయేదాకా ఆ మాట తప్పేది కాదు. మాట చెప్పకుండా ముంచితే మాత్రం పనికిరాదు. పుల్లలా పుటుక్కున విరిగిపోతుంది.

మనింట్లో అట్లకాడకి ఎవరూ ఏమీ చెప్పినట్టు లేదు. అందుకే మీ అమ్మ వేసే అట్లు అలా వస్తాయి. ఈ మాట మీ అమ్మతో అనకు.

సరే. ఆ ఏటికి ఇటు గట్టున ఒక కోట, అటు గట్టున ఒక కోట. ఇటు పెద్దరాజు, అటు చిన్నరాజు. ఇద్దరూ ఒక తల్లి బిడ్డలే. వాళ్ళ నాన్న పోతూ పోతూ అన్నీ చెరిసగం పంచిపోయాడు. పొలాలు, ఏనుగులు, గాదెలు, చివరికి పావురాల గూళ్ళు కూడా. అన్నదమ్ములు ఇద్దరూ బాగానే ఉన్నారు. ఆ తర్వాత ఒక వానాకాలం పెద్ద వరద వచ్చింది. వరద తీశాక చూస్తే ఏటి నడుమ కొత్తగా ఒక లంక తేలి ఉంది. నల్లగా మెత్తగా ఒండ్రుమట్టి. ఏది చల్లినా మొలిచే మట్టి. దాన్ని పంచి ఇవ్వడానికి నాన్న లేడు కదా. అన్నేమో నాది అన్నాడు. తమ్ముడేమో నాది అన్నాడు. అక్కడితో ఇద్దరికీ మాటల్లేవు.

పెద్దరాజు వంటింట్లో కాళాచారి చేసిన కత్తిపీట ఒకటి ఉంది. దాని మీద కూర తరిగిన వాళ్ళకి ఎవరికీ ఎప్పుడూ వేలు తెగలేదట. ఆ సంగతి రాజు చెవిన పడింది. అప్పుడాయన గుర్రమెక్కి కొలిమి దగ్గరికి వచ్చాడు.

"ఆచారీ, నీ ఇనుము చెప్పిన మాట వింటుందట కదా. నాకో కత్తి చెయ్యి. నేను ఎవర్ని చూపిస్తే వాళ్ళని నరకాలి. ఎదురు చెప్పకూడదు" అన్నాడు.

కాళాచారి అప్పటిదాకా పొలానికీ, వంటింటికీ తప్ప యుద్ధానికి ఏమీ చేసి ఎరగడు. అయినా రాజు గుమ్మంలో నిలబడి అడిగితే కాదనడానికి ఎన్ని గుండెలుండాలి. "చిత్తం" అన్నాడు.

చేశాడు. కాల్చాడు, సాగగొట్టాడు, మడిచాడు, మళ్ళీ కాల్చాడు. కనకం తిత్తి ఊదీ ఊదీ చేతులు పడిపోయాయి. చివరికి కత్తి తయారైంది. ఎర్రగా, అస్తమించే సూర్యుడి రంగులో ఉంది. కాళాచారి పట్టకారుతో దాన్ని పైకెత్తి తొట్టి దగ్గరికి తెచ్చాడు.

"నువ్వు కత్తివి" అన్నాడు. "నువ్వు మనిషిని..."

అంతే, నోరు రాలేదు. మళ్ళీ మొదలుపెట్టాడు. "నువ్వు మనిషిని..." మళ్ళీ ఆగిపోయాడు. జీవితమంతా వేలు కొయ్యకు, వేలు కొయ్యకు అని చెప్పిన నోరది. ఆ మాట ఎలా వస్తుంది చెప్పు.

అవతల కత్తి ఎరుపు తగ్గిపోతోంది. నల్లబడితే ఇంత కష్టమూ వృథా. కనకానికి కంగారొచ్చింది. తిత్తి వదిలేసి తండ్రి పక్కకి వచ్చి, కత్తి మీదకి వంగింది.

"నువ్వే ఆలోచించుకో నాయనా" అనేసింది.

ఆ కంగారులో కాళాచారి చెయ్యి జారి కత్తి నీళ్ళలో పడింది. సుయ్‌మంది. ఇల్లంతా ఆవిరి కమ్మేసింది. ఆ ఆవిరిలోంచి, తొట్టి అడుగు నుంచి, చిన్న గొంతు ఒకటి వినిపించింది.

"దేని గురించి?"

తండ్రీ కూతురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కత్తి మాట్లాడటమేంటి అమ్మమ్మా అంటావా? చేయాల్సిందీ చేయకూడనిదీ రెండూ దానికే వదిలేసింది కదా, అందుకే విరగలేదు. ఆలోచించుకోమన్నాక ఆలోచన పుట్టింది. ఆలోచన పుట్టాక మాట పుట్టకుండా ఉంటుందా? నిన్ను చూస్తూనే ఉన్నాంగా, మాట వచ్చిన దగ్గర్నుంచీ ఇంట్లో ఎవరి నోరూ లేవనివ్వవు.

ఆ కత్తీ అంతే. కాళాచారి దానికి పిడి బిగించి, ఒర కుట్టి, కిటికీ పక్కన గూట్లో పెట్టాడు. అక్కణ్ణుంచి అది కనకాన్ని అక్కా అక్కా అంటూ ఊపిరి తీసుకోనిచ్చేది కాదు. "అక్కా, కోడి అందరికంటే ముందు ఎందుకు లేస్తుంది?" అనేది. "అక్కా, మేకకి గడ్డం ఎందుకు?" అనేది. కనకం జావ కాస్తూ తెలిసినవి చెప్పేది, తెలియనివాటికి నవ్వేది. తల్లి లేని ఇల్లు కదా, తండ్రేమో మాటలు తక్కువ మనిషి. ఆ పిల్లకి ఆ కత్తి మాటలంటే ప్రాణం అయిపోయింది.

ఒకనాడు, "అక్కా, నీళ్ళకి నీళ్ళు తడిగా ఉంటాయా?" అని అడిగింది.

"నాకేం తెలుసు? నువ్వే ఆలోచించుకో" అంది కనకం, దాన్ని గుడ్డతో తుడుస్తూ.

కత్తి ఆలోచించడం మొదలుపెట్టింది. అప్పుడు దాని ఒంటి మీద సన్నగా తెల్లగా మంచు పట్టింది. ఆ మంచు కనకం వేళ్ళ మీదుగా పాకి, కళ్ళ దాకా వచ్చింది. కనకానికి రెప్పలు బరువెక్కాయి. చూస్తే తను ఏటి అడుగున నడుస్తోంది. తల మీద నీలంగా వెలుగు ఊగుతోంది. చేపలు ఆమెని తప్పుకుని మెల్లిగా పోతున్నాయి. పడవల అడుగుభాగాలు మబ్బుల్లా పైన సాగిపోతున్నాయి. అక్కడ తడి లేదు. అంతా ఎవరో ఒడిలో పెట్టుకున్నట్టు మెత్తగా ఉంది. కనకం చెయ్యి చాపితే నీళ్ళు ఆ చేతిని పట్టుకున్నాయి.

కళ్ళు తెరిచేసరికి జావ మాడిపోయింది. "తడిగా ఉండవు అక్కా" అంది కత్తి. అలా తెలిసింది కనకానికి, ఆ కత్తి ఆలోచిస్తే దాన్ని పట్టుకున్నవాళ్ళు దాని ఆలోచనలోకి వెళ్ళిపోతారని.

ఆ తర్వాత రాజు మనుషులు వచ్చి కత్తిని తీసుకుపోయారు. కనకం గుమ్మంలో నిలబడి కనపడినంత దూరం చూసింది. తండ్రి ఎదుట ఏడవలేదు కానీ, ఆ పూట అన్నం సయించలేదు.

కోటలో పెద్దరాజు కత్తి దూశాడు. పదును చూడటానికి పెరట్లో అరటిచెట్టు దగ్గరికి నడిచాడు. కత్తి ఎత్తగానే అది అడిగింది.

"ఈ చెట్టు గెల వేసిందా?"

రాజు అదిరిపడ్డాడు. తోటమాలి, "వేసింది, కోసేశాం కూడా" అన్నాడు.

"అయితే దాని పని అయిపోయింది" అంది కత్తి. ఒక్క వేటుకి చెట్టు వెన్నలా తెగి పడింది. రాజు మురిసిపోయాడు. మాట్లాడే కత్తి ఏ రాజుకుందని మీసం దువ్వుకున్నాడు.

రెండోసారి రేవు దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆ ఏటి మీద ఈ గట్టు నుంచి ఆ గట్టుకి ఒక లావుపాటి మోకు కట్టి ఉండేది. పడవవాళ్ళు ఆ తాడు పట్టుకుని లాగుతూ జనాన్ని దాటించేవాళ్ళు. తమ్ముడి మనుషులు ఎవరూ ఇటు రాకూడదని ఆ తాడు తెంపేద్దామనుకున్నాడు రాజు. కత్తి ఎత్తాడు.

"ఉండు, ఆలోచించుకోనీ" అంది కత్తి.

మంచు పట్టింది. రాజు చెయ్యి పిడి మీదే ఉంది కాబట్టి ఆయనా లోపలికి వెళ్ళిపోయాడు. చూస్తే పడవలో కూర్చుని ఉన్నాడు. పక్కన ఎవరో నిండు చూలాలు, పురిటికి పుట్టింటికి పోతోంది. పెరుగుకుండ పెట్టుకుని ఒక ముసలావిడ కునుకుతోంది. అటు గట్టున వైద్యం చేసే ఆయన మందులసంచి పట్టుకుని పడవ కోసం ఎదురుచూస్తున్నాడు. అప్పుడు తాడు తెగిపోయింది. పడవ అలా అలా తేలుకుంటూ పోయింది. చూలాలు గట్టు వంక చూస్తూనే ఉంది. ఎవరూ అరవడం లేదు. గట్టు దూరమైపోతోంది, అంతే.

రాజు ఉలిక్కిపడి కళ్ళు తెరిచాడు.

"ఇది కొయ్యను" అంది కత్తి.

అక్కడున్న వాళ్ళందరూ విన్నారు. రాజు మొహం కందగడ్డ అయిపోయింది. చూసినదానికి మనసు ఏ మూలో కలుక్కుమనే ఉంటుంది. కానీ అందరి ముందూ కత్తి కాదందే, ఆ కోపం ముందు అదెంత. వేరే కత్తితో కోయించొచ్చు కదా అంటావు. కోయించొచ్చు. రాజులకి పంతం ఒకటుంటుంది. నీకు ఆ పళ్ళెంలోనే అన్నం కావాలని రోజూ పేచీ పెట్టవూ, అలాంటిది.

అప్పుడు రాజు కాళాచారిని పట్టుకొచ్చి కోట వెనక గదిలో పెట్టించాడు. భయపడకు, వేళకి అన్నం పెట్టారులే. కానీ గదికి కిటికీ లేదు. నిప్పు వెలుగులో బతికిన మనిషికి ఆ చీకటి ఎలా ఉంటుందో ఆలోచించు.

ఆ తర్వాత తన దళవాయిని, అంటే సైన్యానికి పెద్దని, పిలిచి కత్తి చేతికిచ్చాడు.

"ఇది ఆ పిల్ల దగ్గరికి పట్టుకెళ్ళు. మళ్ళీ కాల్చి, ఈసారి సరైన మాట చెప్పి ముంచమను. నువ్వు దగ్గరుండి విను. ఏరు తగ్గి లంక దారి పడగానే మా తమ్ముడితో తేల్చుకోవాలి. ఆ రోజు ఈ కత్తి నా మాట వింటే ఆ పిల్ల నాన్న ఇంటికి వస్తాడు. వినకపోతే ఆ గదిలోనే ఉంటాడు" అన్నాడు.

దళవాయి వచ్చి ఆ మాటే చెప్పాడు. కనకానికి తిత్తి ఊదడానికి చేతులు రాలేదు. దళవాయి బయట అరుగు మీద కూర్చున్నాడు. కనకం కత్తిని ఒళ్ళో పెట్టుకుని కొలిమి ముందు కూలబడింది.

"మళ్ళీ కాల్చి మాట చెప్తే ఏమవుతుంది అక్కా?" అని అడిగింది కత్తి.

"కొత్త మాట వస్తే పాత మాట పోతుంది. నీకు ఆలోచన ఉండదు. గొంతు కూడా ఉండదేమో."

"మీ నాన్న ఆ గదిలో గోడలు తడుముకుంటూ తిరుగుతున్నాడు. నన్ను అటువైపు నుంచే తీసుకొచ్చారు, విన్నాను" అంది కత్తి. తర్వాత, "కాల్చు అక్కా" అంది.

కనకం ఏడ్చింది. ఏడుస్తూనే తిత్తి ఊదింది. ఒకవైపు కన్నతండ్రి. ఇంకోవైపు, మొహం కూడా చూడని చిన్నరాజు ప్రాణం. మధ్యలో తనని అక్కా అని పిలిచే ఈ కత్తి. ఏది కావాలో ఎవరైనా చెప్తే బాగుండుననుకుంది. చెప్పేవాళ్ళు ఎవరూ లేరు. బొగ్గులు ఎర్రబడ్డాయి. కత్తి ఎర్రబడింది. దళవాయి లేచి వచ్చి పక్కన నిలబడ్డాడు.

కనకం పట్టకారుతో కత్తిని పైకెత్తింది.

"నువ్వు కత్తివి" అంది. "రాజు ఎవర్ని చెప్తే వాళ్ళని నరుకు."

"ఆఁ, బాగుంది. ఇంక ముంచు" అన్నాడు దళవాయి.

"ఇంకో మాట ఉంది. చేయకూడనిది కూడా చెప్పాలి. అది మా ఇంటి ఆచారం. చెప్పకపోతే విరిగిపోతుంది."

దళవాయి గడ్డం గోక్కున్నాడు. "మనిషిని నరకకు, ఫలానా వాణ్ణి వదిలెయ్యి లాంటివి కుదరవు. రాజుగారి మాటకి అడ్డం రాని మాట ఏదైనా చెప్పుకో" అన్నాడు.

ఎరుపు తగ్గిపోతోంది. ఏం చెప్పాలి? కనకానికి ఏమీ తోచలేదు. కత్తి మొహం ఎక్కడుంటుందో తెలియదు కానీ, అది తనవంకే చూస్తోందనిపించింది. పిల్లాణ్ణి మొదటిసారి ఒంటరిగా సంతకి పంపించే తల్లి ఏమంటుందో, ఆ మాట నోటికొచ్చింది.

"తొందరపడకు నాయనా" అంది.

దళవాయి తల ఊపాడు. అందులో తప్పేముంది, తన సిపాయిలకి తనూ రోజూ చెప్పే మాటే కదా. కనకం కత్తిని నీళ్ళలో ముంచింది. సుయ్‌మంది. ఆవిరి లేచింది. ఆవిరి తగ్గింది. తొట్టి దగ్గర చెవి పెట్టి ఆ పిల్ల ఎంతసేపు ఉందో.

ఏమీ వినిపించలేదు.

"నాయనా" అని పిలిచింది. పలకలేదు. "నీళ్ళకి నీళ్ళు తడిగా ఉంటాయా?" అని అడిగింది. పలకలేదు. దళవాయి కత్తి తుడుచుకుని తీసుకుపోయాడు. తన చేతులతోనే దాన్ని చంపేశాననుకుంది కనకం. ఖాళీ గూడు చూడలేక, దానికి అడ్డంగా చేట నిలబెట్టింది.

ఏరు తగ్గింది. లంక దారి తేలింది. ఒక ఉదయం అటు నుంచి చిన్నరాజు సైన్యం, ఇటు నుంచి పెద్దరాజు సైన్యం లంక మీదకి దిగాయి. కత్తి వింటుందో లేదో తేలాలి కదా, అందుకని కనకాన్ని కూడా తీసుకొచ్చి ఒక పక్కన నిలబెట్టారు.

పెద్దరాజు ముందుకొచ్చాడు. చిన్నరాజూ ముందుకొచ్చాడు. "ఈ లంక నాది కాదనేవాడు ముందుకి రా" అన్నాడు అన్న. "వచ్చాను" అన్నాడు తమ్ముడు, తన కత్తి నేలలో గుచ్చి, చేతులు కట్టుకుని. పెద్దరాజు కత్తి దూసి, రెండు చేతులా ఎత్తి, "వీణ్ణి నరుకు" అన్నాడు. కనకం కళ్ళు మూసుకుంది.

ఏ చప్పుడూ లేదు. మెల్లిగా కళ్ళు తెరిచింది. కత్తి ఎత్తింది ఎత్తినట్టే ఉంది. అప్పుడు, అందరికీ వినపడేలా, ఆ చిన్న గొంతు పలికింది.

"నరుకుతాను. తొందరేముంది?"

కనకం ఒక అడుగు ముందుకేసింది. అర్థమైందా కన్నా? తొందర లేకపోతే తీరిక ఉంటుంది. తీరిక ఉంటే ఆలోచన రాకుండా ఎక్కడికి పోతుంది? పోయిన ఆలోచన పోయినట్టే వెనక్కి వచ్చేసింది.

కత్తి దిగుతూనే ఉంది, కాదనలేదు. కానీ నీడ జరిగినట్టు దిగుతోంది. చూస్తుంటే కదలదు, కాసేపాగి చూస్తే కొంచెం కిందకి ఉంటుంది. రాజు బలమంతా పెట్టి నొక్కాడు. వేలాడాడు. లాభం లేదు. వదిలేద్దామంటే సైన్యం చూస్తోంది, పరువు పోతుంది. పోనీ తమ్ముడు తప్పుకుంటాడా అంటే, పారిపోయాడంటారని అతనూ అక్కడే నిలబడ్డాడు. అన్నకి తగ్గ తమ్ముడు.

పొద్దెక్కింది. సిపాయిలు నిలబడి నిలబడి కాళ్ళు పీకి కూర్చున్నారు. కత్తి ఆలోచిస్తోంది కదా, దాని ఒంటి మీంచి మంచు జారి లంకంతా పరుచుకుంది. ఎండలో చల్లటి తెల్లటి మంచు. అటు సిపాయిలు, ఇటు సిపాయిలు కూర్చున్న చోటే కలలోకి జారిపోయారు. ఒకడు నిద్రలో పెళ్ళాన్ని పేరు పెట్టి పిలిచాడు. ఇంకొకడు దూడని కట్టేస్తున్నట్టు చేతులాడించాడు. గుర్రాలు కూడా తలలు వాల్చాయి. కత్తులూ బల్లేలూ మట్టిలో పడుకున్నాయి.

పెద్దరాజుకీ కల వచ్చింది, నిలబడే, కళ్ళు తెరిచే. లంకంతా పుచ్చపాదులు. నిగనిగలాడే కాయలు. అన్నీ తనవే. ఒకటి పగలగొట్టి తిన్నాడు. చప్పగా ఉంది. ఇంకోటి తిన్నాడు. అదీ చప్పగానే ఉంది. ఎవరికైనా చూపించి అడుగుదామని అటు గట్టు వంక తిరిగాడు. అక్కడ కోట ఉంది, కోట మీద ఎవరూ లేరు. పావురాలు కూడా లేవు. "ఒరేయ్" అని పిలిచాడు. ఆ పిలుపు ఏటి మీదుగా అటు వెళ్ళి, ఎవరూ అందుకోక, తిరిగి ఇటే వచ్చింది.

ఆయన గొంతు ఎండిపోయింది. కలలో కాదు, నిజంగానే. ఎండలో రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డ మనిషి కదా.

రెప్పలు వాలనివ్వకుండా పంతంగా నిలబడ్డ చిన్నరాజు అది చూశాడు. కాసేపు చూడనట్టు మొహం తిప్పుకున్నాడు. మళ్ళీ చూశాడు. ఆ తర్వాత తన చెంబు తీసి, అన్న నోటి దగ్గర పెట్టాడు.

"తాగు. చేతులు ఖాళీ లేవుగా" అన్నాడు.

పెద్దరాజు తాగాడు. కొన్ని నీళ్ళు గడ్డం మీద కారాయి. తమ్ముడు తన పైపంచెతో తుడిచాడు. కత్తి ఇంకొంచెం దిగింది.

మధ్యాహ్నం దాటింది. చిన్నరాజుకి ఆకలేసింది. మూట విప్పి, పెరుగన్నం ముద్ద చేసుకున్నాడు. నోట్లో పెట్టుకోబోయి ఆగాడు. ఎదురుగా అన్న కూడా పొద్దున్నుంచీ ఏమీ తినలేదు. "అన్నయ్యా, నోరు తెరు" అన్నాడు. పెద్దరాజు తల అడ్డంగా తిప్పాడు. "మాగాయ కూడా ఉంది" అన్నాడు తమ్ముడు. అప్పుడు తెరిచాడు.

అలా ఒక ముద్ద అన్నకి, ఒక ముద్ద తనకి. మూట ఖాళీ అయ్యే వేళకి పొద్దు వాలింది. చివరి ముద్ద తమ్ముడు అన్న నోట్లో పెట్టాడు. సరిగ్గా అప్పుడే కత్తి వచ్చి తమ్ముడి మెడ పక్కన, భుజం మీద ఆనింది. ఎంత మెల్లిగా ఆనిందంటే, అతని చొక్కా కూడా నలగలేదు.

"వచ్చేశాను" అంది కత్తి. "ఇంక నువ్వు చెప్పిన వాళ్ళని నరకాలి. మరోసారి చెప్పు, ఎవర్ని?"

పెద్దరాజు చెప్పబోయాడు. నోటినిండా తమ్ముడు పెట్టిన అన్నం ఉంది. మాట రాలేదు. నమిలాడు. మింగలేకపోయాడు. కళ్ళల్లోంచి బొటబొటా నీళ్ళు కారాయి. ఎలాగో మింగి, చేతులు కిందకి దించి, కత్తి మట్టిలో వదిలేశాడు.

"ఎవర్నీ వద్దు" అన్నాడు.

ఆ తర్వాత తమ్ముణ్ణి పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. లంక సంగతి అంటావా? ఎవరు గుర్తుపెట్టుకున్నారు ఆ పూట దాన్ని. తర్వాత ఇద్దరూ కలిసే పుచ్చపాదులు వేయించారట, కాయలు తియ్యగా ఉన్నాయట. అది వేరే సంగతి.

కనకం మాత్రం అక్కడే నిలబడి, "మా నాన్న" అంది. పెద్దరాజు ఆ పిల్ల వంక చూసి సిగ్గుపడ్డాడు. లంక దారిన తనే ముందు నడిచి, కోటకి తీసుకెళ్ళి, ఆ గది తలుపు తన చేతులతోనే తీశాడు. కాళాచారి వెలుగులోకి వచ్చి, కళ్ళు చికిలించి, కూతుర్ని చేత్తో తడిమి చూసుకున్నాడు. మాటలు తక్కువ మనిషి కదా. "తిన్నావా అమ్మా" అని మాత్రం అడిగాడు.

కత్తిని కనకానికే ఇచ్చేశాడు రాజు. "ఇది నా దగ్గరుంటే రోజూ ఆలోచించాల్సి వస్తుంది, నా వల్ల కాదు" అన్నాడట.

దాన్ని ఒళ్ళో పెట్టుకుని, నాన్నతో కలిసి కోట రేవు నుంచి పడవలో ఇంటికి వస్తూ కనకం దాని పిడి నిమిరింది. నిమురుతూ అడిగింది.

"ఆ రోజు నిన్ను ముంచాక పిలిచాను. ఎన్నిసార్లు పిలిచానో. ఎందుకు పలకలేదు? నిన్ను నేనే చంపేశాననుకున్నాను తెలుసా?"

"నువ్వేగా తొందరపడకు అన్నావు అక్కా" అంది కత్తి. "పలుకుదామనే అనుకుంటున్నాను. ఏం చెప్పాలో ఆలోచించుకుంటుంటే ఈ రోజైంది."

కనకం ఏడుస్తూ నవ్వింది. "మరి ఇప్పుడు తెలిసిందా ఏం చెప్పాలో?"

"తెలిసింది. నీ ఒళ్ళో వెచ్చగా ఉంది" అంది కత్తి.

కాళాచారి తల అటు తిప్పుకుని నీళ్ళ వంక చూశాడు. పడవ మెల్లిగా గట్టు చేరింది.

ఏంటి కన్నా, ఆవలిస్తున్నావు? ఇంక కళ్ళు మూసుకో. తొందరేం లేదు, మెల్లిగానే మూసుకో.

కత్తీ కత్తీ, ఒరలో బజ్జో.
ఏరూ ఏరూ, ఇసకలో బజ్జో.
లంకా లంకా, మంచులో బజ్జో.
కన్నా కన్నా, ఒళ్ళో బజ్జో.
కథేమో కంచి పడవెక్కింది,
మనమేమో మనింటి మంచమెక్కాం.